పన్నెండేళ్లు కదలని యెజ్డీ

ప్రశ్న: మా బాపు నడిపిన యెజ్డీ మోటార్‌సైకిల్ హన్మకొండలోని మా ఇంటి రేకుల షెడ్డులో పన్నెండేళ్లుగా కదలకుండా ఉన్నది. కిక్కు దిగుతున్నది కానీ ఇంజన్ అందుకోవడం లేదు. ఇంజన్ మొత్తం విప్పాలని మెకానిక్ అంటున్నాడు. ముందు కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం) చూడమని పాతబండ్ల మిత్రులు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు మిత్రుల మాటే వినండి. కిక్కు దిగుతున్నదంటే పిస్టన్ పట్టేయలేదన్నమాట. సగం అదృష్టం అక్కడే ఉన్నది. నిలిచిపోయిన పెట్రోలు ఏళ్ల తరబడి ఆవిరై, జిగురుగా మారి కార్బురేటర్ జెట్లను, అంటే దానిలోని సన్నని రంధ్రాలను, మూసివేస్తుంది కనుక, ఆ పాత పెట్రోలును పూర్తిగా తీసివేసి, ట్యాంకులోని తుప్పు కడిగించి, జెట్లను తీగతో పొడవకుండా గాలి కొట్టించి శుభ్రం చేయించండి. తరువాత పెట్రోలుకు దూరంగా ప్లగ్గు నిప్పురవ్వను పరీక్షించండి. రవ్వ రాకపోతే పాయింట్లను (రవ్వ కోసం కరెంటును కలిపి విడదీసే చిన్న లోహపు బిళ్లలను) శుభ్రపరచి, వాటి ఎడాన్ని సుమారు 0.4 మిల్లీమీటర్లకు సరిచేయించాలి. టూ-స్ట్రోక్ బండి కాబట్టి లీటరు పెట్రోలుకు సుమారు 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలపడం మరువకండి.

ఇంత చేసినా అందుకోకపోతే మీ మెకానిక్ మాట నిజం కావచ్చు. ఈ ఇంజన్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్‌కేసు (ఇంజన్ అడుగున ఉండే పెట్టె) గుండానే సిలిండర్‌లోకి చేరుతుంది. అక్కడి రబ్బరు సీళ్లు ఎండి గాలి పీలిస్తే ఎంత తొక్కినా ఫలితం ఉండదు, వాటిని మార్చాలంటే ఇంజన్ విప్పక తప్పదు.