తమ్ముడి పెళ్ళి సంగతి తర్వాత, ముందు నీ నిఖానామా ఎక్కడుందమ్మా?

ఒక అక్క ఉత్తరం రాసింది. పేరూ ఊరూ రాయొద్దంది కాబట్టి రాయట్లేదు. వయసు 39, నిఖా అయ్యి 15 ఏళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. అబ్బా పోయాక తమ్ముడిని తనే చదివించింది, పగలు స్కూల్లో టీచరు, సాయంత్రం ట్యూషన్లు. ఆ తమ్ముడు కెనడా వెళ్ళి ఆరేళ్ళయింది. మొన్న ఫోన్ చేసి "ఆపా, నేనూ నాతో ఉండే అబ్బాయీ ఈ ఏడాది ఆఖరులో రిజిస్టర్ మ్యారేజ్ చేసుకుంటున్నాం, మన ఇంటి తరఫున నువ్వొక్కదానివి వస్తే చాలు" అన్నాడట. ఆమె అడుగుతున్నది ఇది: "నిఖా లేని పెళ్ళి మనకి పెళ్ళే కాదు కదా, ఉట్టి కాగితమే కదా, మరి నేను వెళ్ళి నిలబడితే నాకు గునాహ్, అంటే పాపం, వస్తుందా? మనవాళ్ళలో ఒక్కరు కూడా ఒప్పుకోరు. అమ్మీ అయితే వాడు చచ్చిపోయాడనుకుంటా అంటోంది." ఆఖర్న ఇంకో రెండు మాటలు: "వీసాకి మ్యారేజ్ సర్టిఫికెట్ అడుగుతారంట, మా నిఖానామా అత్తగారి బీరువాలో ఉంది, అడిగితే గొడవైపోతుంది. మా ఆయనైతే నువ్వు వెళ్ళావంటే తలాక్ అని మూడు మాటలు చెప్పి పంపించేస్తా అన్నారు, కోపంలో అన్నార్లెండి, మనసు మంచిదే."

తల్లీ, నా పెద్దమ్మాయి వయసే నీది, నువ్వు అనే పిలుస్తా.

ఉత్తరం మొత్తం తమ్ముడి గురించే రాశావు, నేను మాత్రం ఆ ఆఖరి రెండు మాటల దగ్గరే ఆగిపోయా, రాత్రి పడుకున్నాక కూడా అవే గుర్తొచ్చాయి. అక్కడికి వస్తా, ముందు నువ్వడిగింది తేల్చేద్దాం, దానికి ఎక్కువసేపు పట్టదు.

గునాహా కాదా అన్నది ఆలిమ్‌ని, అంటే మతం చదువుకున్న పండితుణ్ణి అడగాలి, ఆయనేం చెప్తారో నీకూ తెలుసు నాకూ తెలుసు. హనఫీ, షాఫయీ, మాలికీ, హంబలీ, షియాల్లో జాఫరీ, ఏ మజ్‌హబ్‌లోనూ, అంటే ఏ ధర్మశాఖలోనూ, ఇద్దరు మగవాళ్ళకి నిఖా అనేది లేదు. ఇది తప్పనడానికి చూపించే లూత్ ప్రవక్త కథని వేరేగా చదివేవాళ్ళు, అక్కడ శిక్ష పడింది ఇంటికొచ్చిన అతిథుల మీద దౌర్జన్యానికి దిగినందుకు అనేవాళ్ళు ఉన్నారు, 2012లో పారిస్‌లో అలాంటి వాళ్ళకోసం నమాజుకి ఒక చోటు కూడా తెరిచారు. కానీ వాళ్ళు చాలా కొద్దిమంది, ఆ మాట దాచి నిన్ను ఓదార్చడం నాకు చేతకాదు. నేనూ ఐదు పూటలా నమాజు చదివే మనిషినే, దాన్ని నిఖా అని నా నోటితో అనలేను.

కానీ నీ తమ్ముడు నిఖా చెయ్యమని ఎవరినడిగాడు చెప్పు? ఖాజీని పిలిచాడా, ఖుత్బా చదవమన్నాడా, మొగుడు పెళ్ళానికి ఇవ్వాల్సిన మహర్ మాట్లాడమన్నాడా? అతను వెళ్తోంది అక్కడి గవర్నమెంటు దగ్గరికి. కెనడాలో 2005 జులైలో వచ్చిన ఆ చట్టం పేరే సివిల్ మ్యారేజ్ యాక్ట్, తమ మతం ఒప్పుకోని పెళ్ళి జరిపించడానికి మతగురువులు ఒప్పుకోకపోవచ్చని ఆ చట్టమే చెప్తోంది. మసీదు దాని పద్ధతిలో అదుంది, రిజిస్ట్రారు ఆయన పని ఆయన చేస్తున్నాడు. మీ తమ్ముడు రేపు ఆస్పత్రిలో పడితే డాక్టరు ఎవరితో మాట్లాడాలి, అద్దె ఇంటి కాగితం మీద ఎవరి పేరుండాలి, ఒకరు పోతే ఇంకొకరికి ఏం రావాలి, వాటికోసం పెట్టే సంతకం అది. ఇక్కడైతే అది కూడా లేదు, సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న అలాంటి బంధం నేరం కాదంది, 2023 అక్టోబర్ 17న మాత్రం పెళ్ళి హక్కు మేమివ్వలేం, అది పార్లమెంటు చూసుకోవాల్సిన పని అని చెప్పింది. ఆ కేసులో వద్దని వాదించిన వాళ్ళల్లో మన మతపండితుల సంస్థ జమియత్ ఉలమాయె హింద్ కూడా ఉంది. మనవాళ్ళు ఒప్పుకోరు అన్నావు, పెద్దవాళ్ళ వరకు నిజమే. కానీ ఒక్కరు కూడా అనకు. అమెరికాలో ప్యూ అనే సర్వే సంస్థ అక్కడి ముస్లింలనే అడిగింది, ఇలాంటి వాళ్ళని సమాజం అంగీకరించాలా అని, 2007లో నూటికి 27 మంది అవునన్నారు, 2011లో 39, 2017కి 52. పదేళ్ళలో ఇంత మారింది. వాళ్ళందరూ అది నిఖా అంటున్నారని కాదు, మన మతం ఒప్పుకోని పనికి కూడా దేశం చట్టంలో చోటుండొచ్చు అనేవాళ్ళు వాళ్ళలో బోలెడుమంది ఉంటారు, నేనూ అక్కడే ఉన్నా.

నేనైతే వెళ్తా. వెళ్ళి వెనక వరుసలో కూర్చుంటా, సాక్షి సంతకం పెట్టడానికి నా మనసు ఒప్పుకోకపోతే పెట్టను, ఆ మాట ముందే ఫోన్‌లో చెప్పేస్తా, నువ్వు పెంచిన పిల్లాడే కదా, అర్థం చేసుకుంటాడు. బంధుత్వాన్ని తెంచుకున్నవాడు స్వర్గంలోకి పోడన్న ప్రవక్త మాట, ఆ హదీసు, బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది. ఖురాన్‌లో లుఖ్మాన్ సూరాలో తల్లిదండ్రులు నిన్ను షిర్క్, అంటే అల్లాహ్‌కి సాటి కల్పించడం, చెయ్యమని బలవంతం చేసినా సరే ఆ మాట మాత్రం వినకు, కానీ లోకంలో వాళ్ళతో మంచిగానే మసులుకో అనుంది. షిర్క్ కంటే పెద్ద పాపం మనకి లేదు కదా, అక్కడే తెంచుకోమనలేదంటే తమ్ముడి దగ్గర తెంచుకోమని ఎవరైనా ఎలా చెప్తారు?

ఇంక నువ్వడిగింది అయిపోయింది.

ఇప్పుడు నేను అడుగుతా. తమ్ముడి పెళ్ళికి వెళ్తే గునాహా అని అడిగావు, మీ ఆయన అన్న మాట గునాహా కాదా అని ఒక్కసారైనా అడిగావా? 15 ఏళ్ళ కాపురం, ఇద్దరు పిల్లల తల్లివి, తోడబుట్టినవాడి దగ్గరికి వెళ్తానంటే మూడు మాటలు చెప్తా అన్నాడు, నువ్వేమో కోపంలో అన్నార్లెండి అని పక్కకి తోసేశావు. ఇది మొదటిసారి కాదు అనిపిస్తోంది నాకు, మొదటిసారి విన్నదానివైతే ఉత్తరం ఆ మాటతోనే మొదలయ్యేది. ఎన్నోసారో నువ్వే లెక్కేసుకో. మీ అమ్మీ ఇంటికి వెళ్ళాలన్నా ఇదే మాటా, ఉద్యోగం గురించి మాటొచ్చినా ఇదే మాటా?

మన హనఫీ పెద్దల్లో చాలామంది ఒకేసారి మూడుసార్లు చెప్తే తలాక్ పడిపోతుందనే అంటారు, కానీ అలా చెప్పడం పాపమని కూడా వాళ్ళే అంటారు, దాన్ని తలాకె బిద్అత్, అంటే మతంలో లేని కొత్త పోకడ తలాక్, అనేది అందుకే. అంటే ఆయన నిన్ను బెదిరిస్తున్నది ఒక పాపం చేస్తానని. ఇక చట్టం సంగతి, 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కొట్టేసింది, 2019లో చట్టమొచ్చింది, ఆ మూడు మాటలు నోటితో చెప్పినా, రాసినా, ఫోన్‌లో మెసేజ్ పెట్టినా చెల్లవు, చెప్పినందుకు మూడేళ్ళ దాకా జైలు. మీ ఆయన్ని జైల్లో పెట్టించమని నేను చెప్పట్లేదు, ఆ చట్టంలో జైలు గురించి నాకూ అభ్యంతరాలున్నాయి, మగాడు లోపలికెళ్తే ఆ ఇంటికి ఎవరు తెచ్చిపెడతారన్నది నిజమైన ప్రశ్నే. కానీ ఆ మాటకి ఇప్పుడు బలం లేదని నీకు తెలియాలి, నీకు తెలుసని ఆయనకీ తెలియాలి.

రెండోది ఆ బీరువా. నిఖా కాగితం అత్తగారి బీరువాలో ఎందుకుంది? పెళ్ళికూతురి వైపు వాళ్ళకి ఒక కాపీ ఇస్తారు కదా, నీది ఎవరి దగ్గరుంది, అసలు ఎప్పుడైనా దాన్ని పూర్తిగా చదివావా, మహర్ ఎంత రాశారో, వెంటనే ఇవ్వాల్సిందా తర్వాత ఇచ్చేదా, ఇచ్చారా లేదా తెలుసా? పెళ్ళైన రాత్రే "మాఫ్ చేసేశా అను" అంటే తల వంచుకుని ఊఁ అన్న ఆడపిల్లల్ని నేను లెక్కలేనంతమందిని చూశా. ఖురాన్ నిసా సూరాలో మహర్‌ని సంతోషంగా ఇవ్వమని మొగుడికి చెప్పింది, ఆమె ఇష్టపడి కొంత వదులుకుంటేనే తీసుకోవాలని. సిగ్గుతో ఊఁ అన్నది ఇష్టం కిందికి రాదు, అది ఆయన నీకు బాకీ. బాకీ గురించి మన కితాబులో ఏముందో చూడు, ఖురాన్ మొత్తంలో అన్నిటికంటే పొడుగు ఆయత్, బఖరా సూరాలో 282వది, అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోండి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకండి, సాక్షుల్ని పెట్టుకోండి అని చెప్పడానికే వచ్చింది. అలాంటి మతంలో పుట్టి నువ్వు "ఉట్టి కాగితమే కదా" అని ఎలా అనగలిగావమ్మా?

కాగితం విలువ మా ఇంట్లో మాకు బాగా తెలిసొచ్చింది. మా పెద్దాపా భర్త ఉద్యోగంలో ఉండగానే పోయారు. మసీదులో నిఖా, ఊరంతా చూసిన పెళ్ళి, 22 ఏళ్ళ కాపురం. పెన్షన్ కోసం ఆఫీసుకి వెళ్తే పెళ్ళి రుజువు చూపించమన్నారు, ఆ నిఖా చదివించిన పెద్దాయన ఎప్పుడో పోయారు, ఆయన రిజిస్టరు ఏమైందో ఎవరికీ తెలీదు, ఈలోపు ఇంకొకామె కాగితం పట్టుకుని వచ్చింది. నాలుగేళ్ళు తిరిగింది మా ఆపా. నలభై మంది సాక్షులున్న పెళ్ళి అది, ఒక్కరూ ఆఫీసు మెట్లెక్కలేదు. అందుకే నిఖా ఒక్కటుంటే చాలనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంగ్లండ్‌లో కూడా ఇదే జరిగింది, 1998లో నిఖా చేసుకున్న ఒకామె, రిజిస్టర్ కూడా చేయిద్దామని భర్తని అడుగుతూనే ఉంది, ఆయన వాయిదా వేస్తూనే ఉన్నాడు, విడిపోయాక కోర్టుకెళ్తే 2020లో అప్పీల్ కోర్టు అది చట్టం లెక్కలోకి వచ్చే పెళ్ళే కాదు పొమ్మంది. టర్కీ ముస్లిం దేశమే కదా, అక్కడ 1926 నుంచి చట్టం ముందు సివిల్ పెళ్ళే పెళ్ళి, నిఖా ఒక్కటే చేసుకుంటే భార్య హక్కులు రావు. మన దగ్గర అంత కష్టం లేదు, నిఖాని చట్టం ఒప్పుకుంటుంది, కానీ రుజువు ఉండాలి. అన్ని మతాల పెళ్ళిళ్ళూ రిజిస్టర్ చేయించాలని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది, ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే దానికి చట్టం ఉంది.

నీ తమ్ముడి దగ్గర నిఖా లేదు, చట్టం కాగితం ఉంటుంది. నీ దగ్గర నిఖా ఉంది, ఆ కాగితం ఇంకొకరి తాళంచెవి కింద ఉంది. నువ్వు ఎవరి గురించి భయపడాలో నువ్వే చూసుకో.

భర్త మాట వినకూడదని నేననను, మా ఆయన పోయేదాకా 34 ఏళ్ళు నేనూ విన్నా, ఆయనా నా మాట విన్నారు. వినడం వేరు, ఆ మూడు మాటలు ఎప్పుడు పడతాయో అని బిక్కుబిక్కుమంటూ బతకడం వేరు. నీ కూతుళ్ళిద్దరూ అది వింటూ పెరుగుతున్నారు, పెద్దదానికి పన్నెండో పదమూడో ఉంటాయి, రేపు దాని నిఖా రోజు ఖాజీ కబూలా అని అడిగితే ఆ పిల్ల ఏం గుర్తుపెట్టుకుని కబూల్ అంటుంది?

కాబట్టి ఇలా చెయ్యి. వీసా పేరు చెప్పి అడగొద్దు, దాంతో తమ్ముడి గొడవ కలిసిపోతుంది. నా నిఖానామా కాపీ నాకు కావాలి, పిల్లల కాగితాలకి కూడా పనికొస్తుంది అని మామూలుగా అడుగు, అత్తగారిని కాదు, మీ ఆయన్నే. ఇవ్వకపోతే నిఖా చదివించిన ఖాజీగారి దగ్గర రిజిస్టరు ఉంటుంది, తేదీ చెప్పి నకలు తీసుకో, అన్నయ్యనో మామయ్యనో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళు. అది పట్టుకుని రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళి, 15 ఏళ్ళైందని సిగ్గుపడకుండా, ఏమేం కావాలో అడుగు. ఆ తర్వాత ఒక రోజు ఆయన మనసు బాగున్నప్పుడు కూర్చోబెట్టి, మీరన్న ఆ మాట ఇంకోసారి నా పిల్లల ముందు అనొద్దు అని చెప్పు. గట్టిగా అరవక్కర్లేదు, నెమ్మదిగానే చెప్పు, కానీ చెప్పు. మనసు మంచిదే అని నువ్వే రాశావు కదా, ఆ మనసు మంచిదో కాదో ఆ రోజు తెలుస్తుంది.

అమ్మీ గురించి నాకేం బెంగ లేదు. వాడు చచ్చిపోయాడనుకుంటా అన్న తల్లి ఆ తర్వాత ఎన్నిసార్లు "వాడు ఫోన్ చేశాడా" అని అడిగిందో నువ్వు రాయలేదు కానీ నేను చెప్పగలను. ఆమెకి ఫత్వాలు వినిపించొద్దు, నేను పైన రాసిన లెక్కలూ చెప్పొద్దు. తమ్ముడు ఫోన్ చేసినప్పుడు ఒకసారి ఏమీ అనకుండా ఫోన్ ఆమె చేతిలో పెట్టి నువ్వు పక్క గదిలోకి వెళ్ళిపో.

తమ్ముడికి మాత్రం ఈరోజే ఫోన్ చెయ్యి. వస్తానో రానో ఇంకా తెలీదు, నా కాగితాలు నేను సరిచేసుకుంటున్నా, కొంచెం టైం పడుతుంది అని చెప్పు. వాడి పెళ్ళి కన్నా అది ముందు అయిపోవాలి. నిఖానామా చేతికొచ్చిన రోజు నాకు ఇంకో ఉత్తరం రాయి, మహర్ గడిలో ఎంత రాసుందో కూడా రాయి.