యాభై రెండులోంచి ఇరవై ఏడు

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన అధ్యాయాన్ని రెండుసార్లు చదివాను, మొదటిసారి పెన్సిలు ముట్టకుండా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. "ప్రాథమిక విద్యలో ప్రమాణాల పతనం" అని పేరు పెట్టి, చివర పదిహేను పేజీలు "పరిశోధకురాలిగా నా ఎదుగుదల" అని రాశావు. మీ గైడు గారు ఆ భాగం తప్పనిసరి అన్నారనీ, ఏం రాయాలో తోచక చదివిన నివేదికల పేర్లతో నింపేశాననీ ఉత్తరంలో నువ్వే చెప్పావు. అధ్యాయం రాయడం, ఆ పదిహేను పేజీలు రాయడం వేరు వేరు పనులని నువ్వు అనుకుంటున్నావు. నా మట్టుకు నాకు అవి ఒకే పని. అది ఎలాగో చెప్పడానికే ఈ జాబు.

ముందు పదకొండో పేజీకి వస్తాను. "నాలుగో తరగతి చదువుతున్న ఒక బాలిక రెండంకెల తీసివేత కూడా చేయలేకపోయింది" అని ఒక్క వాక్యం రాసి, ఆ పిల్ల నోటుపుస్తకంలోని పేజీ ఫొటో జతచేశావు. ఆ ఫొటోను చాలాసేపు చూశాను. 52 లోంచి 27 తీసెయ్యమంటే 35 వేసింది. దాని కింద 81 లోంచి 46 తీసెయ్యమంటే 45 వేసింది. మూడో లెక్క, 74 లోంచి 31, సరిగ్గానే 43 వేసింది. మూడింటికీ ఆ పిల్ల పద్ధతి ఒకటే: ఏ వరుసలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసెయ్యడం. ఒకట్ల స్థానంలో పైన 2, కింద 7 ఉంటే, ఏడులోంచి రెండు తీసి అయిదు వేసింది. ఆ నియమం తనంత తాను కనిపెట్టింది కాకపోవచ్చు. "పెద్ద దాంట్లోంచే చిన్నది తీయాలమ్మా" అని ఒకటో తరగతిలో పెద్దవాళ్లమే చెబుతాం. ఆ తర్వాత పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం నేర్పిన రోజున ఆ పిల్ల బడికి రాలేదేమో, వచ్చినా అదే గదిలో మరో మూడు తరగతులు నడుస్తున్నాయేమో, నీ అధ్యాయంలో ఎక్కడా లేదు. "చేయలేకపోయింది" అన్న మాట దగ్గర నువ్వు ఆగిపోయావు. ఆ పిల్ల చేసింది. తప్పు నియమంతో, తడబాటు లేకుండా, మూడుసార్లూ ఒకేలాగా చేసింది. నీ అధ్యాయంలో అన్నిటికన్నా విలువైన ఆధారం ఆ ఫొటోయే. నువ్వు దానిమీద ఒక్క వాక్యం ఖర్చుపెట్టి, పట్టికల మీద ముప్ఫై పేజీలు ఖర్చుపెట్టావు.

నిన్ను నొప్పించడానికి ఈ మాట అనడం లేదు. ఇంతకన్నా పెద్ద తప్పు నేను అచ్చులో చేశాను. రాయడం మొదలుపెట్టిన కొత్తలో మిరప పండించే ఒక మండలంలో రెండు రోజుల్లో పదకొండు బడులు తిరిగి, అయిదో తరగతి పిల్లల్లో సగం మందికి చదవడం రాదని ఒక వ్యాసం రాశాను. దానికి కారణం ఉపాధ్యాయుల నిర్లక్ష్యమేనని కూడా తేల్చేశాను. నెల తిరక్కుండా ఒక పంతులు గారి నుంచి కార్డు వచ్చింది. "మీరు చూసిన పద్నాలుగు మంది నా తరగతి కాదండీ. మిగతా పదిహేడు మంది ఆ వారం కాయ కోతకు పోయారు. వచ్చినవాళ్లలో సగం మంది సంక్రాంతి నుంచి ఆ రోజే మొదటిసారి బడికొచ్చారు" అని చిన్న అక్షరాలతో రాశారు. హాజరుపట్టీ నా ముందే ఉంది ఆ రోజు. తెరిచి చూడాలని తోచలేదు. నేను కొలిచింది ఫిబ్రవరి నెలను, మిరప కోతను, కూలి రేటును. రాసింది మాత్రం ఉపాధ్యాయుడి గురించి. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆయనకు క్షమాపణ రాశాను గానీ, ఆ వ్యాసం చదివిన వేలమందికి సవరణ చేరలేదు. ఆ బరువు తగ్గలేదు.

ఇక "ప్రమాణాలు" అనే మాట. తెలుగులో ఈ ఒక్క మాటతో మూడు వేరు వేరు సంగతులు చెబుతున్నాం. బడిలో ఉండవలసిన గదులు, నీళ్లు, మరుగుదొడ్లు, ఉపాధ్యాయుల సంఖ్య ఒకటి. ఏ తరగతి పూర్తయ్యేసరికి పిల్లకు ఏమేమి రావాలన్నది రెండోది. పదో తరగతి ఉత్తీర్ణత శాతం మూడోది. నీ అధ్యాయం నాలుగో పేజీలో మొదటి అర్థంతో మొదలై, తొమ్మిదో పేజీకి మూడో అర్థంలోకి జారిపోయింది. నీకు తెలియకుండానే జారింది. వాక్యం వాక్యానికీ ఏ అర్థంలో వాడుతున్నావో అంచున పెన్సిలుతో రాసుకో.

మొదటి అర్థంలోనైనా అంకె ఎంత మోసం చేస్తుందో చూడు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో అరవై మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఇరవై నాలుగు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు ఉన్న బడిని నువ్వు పట్టికలో "ఒకరికి పన్నెండు మంది, ప్రమాణం కన్నా మెరుగు" అని వేశావు. లెక్క సరైనదే. కానీ ఆ ఇరవై నాలుగు మంది అయిదు తరగతులవాళ్లు. ఒక టీచరు మూడు తరగతులను, ఇంకొకరు రెండు తరగతులను పట్టుకుంటారు; ఒకరు సమావేశానికో, శిక్షణకో వెళ్తే ఆ రోజు అయిదు తరగతులూ మిగిలినవాళ్ల మీదే. రెండో తరగతికి గుణింతాలు చెబుతుంటే, నాలుగో తరగతివాళ్లు అదే నల్లబల్ల రెండో సగంలో ఉన్న భాగహారం ఎక్కించుకుంటూ ఉంటారు. పిల్ల 35 వేసిన గది అలాంటిదేనా? నీ క్షేత్ర పుస్తకంలో ఉండి ఉంటుంది, వెతుకు.

నివేదికల సంగతి. అసర్ సర్వే 2005 లో మొదలైంది. అది గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి, అయిదు నుంచి పదహారేళ్ల పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివిస్తుంది: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. పిల్ల ఏ తరగతిలో ఉన్నా కాగితం అదే. కేంద్ర ప్రభుత్వం 2017, 2021 లలో జరిపిన జాతీయ సాధన సర్వే అలా కాదు. అది బడిలోనే, ఆ రోజు వచ్చిన పిల్లలకు, వాళ్ల తరగతి స్థాయి ప్రశ్నలతో జరిగింది. ఒకటి పునాది ఉందా అని చూస్తుంది, ఇంకొకటి గోడ ఎంత లేచిందని చూస్తుంది. ఒకదానిలో పట్టణాలు లేవు, ఇంకొకదానిలో ఆ రోజు రానివాళ్లు లేరు. నువ్వు ఈ రెండింటినీ ఒకే పట్టికలో పక్కపక్క గళ్లలో పెట్టి, మధ్యలో ఉన్న తేడాను "వైరుధ్యం" అన్నావు. అది వైరుధ్యం కాదు. అడిగిన ప్రశ్నలు వేరు. అలాగే ఆ సాధన సర్వే స్థానంలో 2024 డిసెంబరులో జరిగిన పరఖ్ సర్వే మూడు, ఆరు, తొమ్మిది తరగతులను తీసుకుంది. అంతకుముందు, 2021 నాటి సాధన సర్వే మూడు, అయిదు, ఎనిమిది, పది తరగతులది. 2021 నాటి అయిదో తరగతిని 2024 నాటి ఆరో తరగతితో కలిపి గీసిన నీ గీత కిందికి దిగినా, పైకి లేచినా దానికి అర్థం లేదు. తీసెయ్యి.

మరొక చిన్న సంగతి. దేశంలోని గ్రామాల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు అసర్ లెక్కల ప్రకారం 2018 లో 20.9 శాతం, 2022 లో 16.3 శాతం, 2024 లో 23.4 శాతం. దీనిమీద "రెండేళ్లలో 44 శాతం పెరుగుదల" అని రాయవచ్చు, "ఏడు పాయింట్ల పెరుగుదల" అనీ రాయవచ్చు, "నూటికి డెబ్భై ఆరుగురికి పైగా ఇంకా రాదు" అనీ రాయవచ్చు. మూడూ నిజాలే. ఏదో ఒకటే రాసేవాడు చదువరిని తనకు కావలసిన వైపు తోస్తున్నాడు. కరోనాకు ముందున్న 20.9 ను వదిలేసి, 16.3 దగ్గర కథ మొదలుపెట్టడం కూడా అలాంటిదే. నువ్వు శాతాన్నీ, శాతం పాయింట్లనూ మూడు చోట్ల కలిపేశావు. వాటికి గుండ్రాలు చుట్టాను.

చదవడం గురించి రాసినప్పుడు మన లిపిని మరిచిపోయావు. తెలుగు పిల్ల అక్షరమాలతో గట్టెక్కదు. ప్రతి హల్లుకూ గుణింతం ఉంది, ఆ పైన ఒత్తులున్నాయి. "పలక", "బడి" గలగలా చదివిన పిల్ల "సంక్రాంతి" దగ్గర ఆగిపోతుంది, "స్వాతంత్ర్యం" దగ్గర గుటకలు మింగుతుంది. నువ్వు వెళ్లిన బళ్లలో పిల్లలు ఎక్కడ ఆగారో రాసుకున్నావా? "చదవలేదు" అని గడిలో గుర్తు పెట్టేముందు, ఏ అక్షరం దగ్గర ఆగిందో పక్కన రాసుకుని ఉంటే, నీ అధ్యాయం ఏ రెండో తరగతి టీచరుకైనా పనికొచ్చేది. పరీక్షించిన భాష ఏదన్నది కూడా చెప్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. పిల్ల ఏ పేజీ చదవలేకపోయింది?

"ప్రైవేటు బడుల ప్రమాణాలు మెరుగన్నది తెలిసిందే" అని ఇరవై రెండో పేజీలో రాశావు. "తెలిసిందే" అన్న మాట పరిశోధనలో ఎక్కడ కనిపించినా అనుమానించు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, 2008 నుంచి నాలుగేళ్లపాటు, 180 గ్రామాల్లో లాటరీ తీసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఖర్చు భరించి చూసిన అధ్యయనం ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేశారు. లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ తెలుగులో, లెక్కల్లో తేడా కనపడలేదు. హిందీలో మాత్రం తగిలినవాళ్లు ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇచ్చి, ఆ సమయాన్ని మిగతా సబ్జెక్టులకు పెట్టడం దానికి ఒక కారణం. అయితే ఆ ప్రైవేటు బడుల్లో ఒక్కో పిల్లపై ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ఇందులో ప్రభుత్వ బడిని ప్రేమించేవాళ్లకూ ఇబ్బంది ఉంది, ప్రైవేటు బడిని నమ్మేవాళ్లకూ ఇబ్బంది ఉంది. ప్రభుత్వ బడి నన్ను పెంచింది, దానిమీద నాకు పక్షపాతం ఉంది. అందుకే ఖర్చు సంగతి నాకు ఇష్టం లేకపోయినా రాయకుండా వదలలేను. నీ పక్షపాతం ఏదో నువ్వు కూడా అధ్యాయం మొదట్లోనే చెప్పు.

ఇప్పుడు ఆ పదిహేను పేజీలు. "ఎన్నో నివేదికలు చదివాను, నా అవగాహన విస్తృతమైంది" అని రాశావు. ఇది ఎవరైనా రాయగల వాక్యం. నువ్వు మాత్రమే రాయగలిగింది వేరే ఉంది. నీ మొదటి చిత్తుప్రతి ఉందిగా, రెండేళ్ల కిందటిది? దాన్ని తీసి, ఇవాళ నువ్వు రాయలేని వాక్యాలు ఏరు. ఒక్కొక్క దానికీ మూడు ముక్కలు చెప్పు: అప్పుడు ఏమి రాశావు, ఏ నియమం పట్టుకుని రాశావు, ఏది చూశాక ఆ నియమం చెల్లలేదు. ఆ పిల్ల 35 ఎలా వేసిందో నువ్వు వెతకవలసినట్టే, నువ్వు "చేయలేకపోయింది" అన్న మాట ఎలా వేశావో వెతుకు. నాకు దొరికిన నియమం చెబుతాను. ఫలితం తక్కువగా ఉంటే, ఆ గదిలో మనకు కనపడుతున్న పెద్ద మనిషిదే తప్పు అని నేను ఏళ్ల తరబడి నమ్మాను. కనపడని పదిహేడు మంది పిల్లలు నా లెక్కలోకి రాలేదు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, ఎక్కడో విన్న మాటల్లోంచి అంటుకుంది. పదిహేను పేజీలు అక్కర్లేదు. ఇలాంటివి నాలుగు నిజాయితీగా రాస్తే నాలుగు పేజీలు చాలు. మీ గైడు గారు పేజీలు తగ్గాయంటే ఈ ఉత్తరం చూపించు.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయకు. ఫొటోలో ఆ పేజీ పైభాగాన ఆ పిల్ల పేరు, ఊరి పేరు, బడి పేరు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇవాళే వాటిని చెరిపి, పాత కాపీలన్నీ తీసెయ్యి. తీసివేత రాని పిల్లగా తన ఊళ్లో ఎవరూ తనను గుర్తుపట్టకూడదు. తల్లిదండ్రులను అడిగావా లేదా అన్నది కూడా రాయి. అడగకపోతే వెళ్లి అడుగు.

ఎలాగూ జూన్‌లో బడులు తెరుస్తారు. ఆ పిల్ల అయిదో తరగతిలోకి వస్తుంది. మళ్లీ వెళ్లు, ఈసారి ప్రశ్నపత్రం వద్దు. పుల్లలు పదేసి కట్టలు కట్టుకుని తీసుకెళ్లు, రబ్బరు బ్యాండ్లతో. యాభై రెండు పుల్లలు తన ముందు పెట్టి, ఇరవై ఏడు నాకివ్వమని అడుగు. కట్ట విప్పుతుందో లేదో చూడు. విప్పితే ఎప్పుడు విప్పింది, విప్పేముందు ఏమంది, ఆ మాటలు తన మాటల్లోనే రాసుకో. టీచరుతో కూర్చుని 35 ఫొటో కలిసి చూడండి. ఆవిడ ఏమంటారో కూడా రాసుకో. ఆ పేజీలు వచ్చాక మిగతా అధ్యాయం చూస్తాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు