స్పీడోమీటర్ ముల్లు సున్నాకి పడిపోతోంది, సెన్సార్ మార్పించాలా?

మీ కారు 2009 మోడల్, పెట్రోల్. నడుస్తుండగానే ముల్లు సున్నాకి పడి, కాసేపటికి దానంతటదే లేస్తోంది. మెకానిక్ "స్పీడ్ సెన్సార్ పోయింది, మార్చాలె" అంటున్నాడు. మార్పించాలా అని మీ ప్రశ్న.

ఇప్పుడే వద్దు. పడి లేస్తున్న ముల్లు పూర్తిగా చచ్చిన సెన్సార్ లక్షణం కాదు, చాలావరకు ఎక్కడో వదులైన వైరు లక్షణం. సెన్సార్ పూర్తిగా పోతే ముల్లు పడుతుంది, ఇక లేవదు. ఈ తేడా తెలియక మేము 2,600 రూపాయలు పోగొట్టుకున్నాం.

మాది నల్గొండ. మా బాపు రిటైర్డ్ హెడ్మాస్టర్. పెట్రోల్ పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, కిలోమీటర్లు డైరీలో రాయడం ఆయనకు అలవాటు. ఎప్పుడూ 20 లీటర్లకు 300 అటూ ఇటూ వచ్చేది. రెండేళ్ల కింద ఎండాకాలంలో ఒకసారి 190 వచ్చింది, తర్వాతిసారి 210. "ఇంజన్ పోయిందిరా, పెట్రోల్ తాగుతుంది" అని బాపు ఒకటే టెన్షన్. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్పించాం. ఏం తేడా లేదు.

అసలు సంగతి మిర్యాలగూడ పెళ్లికి పోయిన రోజు బయటపడింది. తిప్పర్తి దాటగానే ముల్లు ఒక్కసారిగా కిందికి పడింది. కారు మాత్రం మామూలుగానే పోతోంది. కొంతదూరం పోయాక స్టీరింగ్ బరువెక్కింది, డ్యాష్‌బోర్డు మీద ఈపీఎస్ లైట్ వెలిగింది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కార్లలో స్టీరింగ్‌కు ఎంత సాయం చేయాలో దాని కంప్యూటర్ వేగాన్ని బట్టే లెక్క వేసుకుంటుంది. వేగం సిగ్నల్ రాకపోతే దానికి దిక్కు తోచదు. పోను రాను దగ్గరదగ్గర 80 కిలోమీటర్ల దారి. ఇంటికొచ్చి చూస్తే మీటర్‌లో తిరిగింది 52. అప్పుడర్థమైంది, మైలేజీ పడిపోలేదు, కిలోమీటర్లే మీటర్‌కు ఎక్కడం లేదని. ముల్లుకూ, కిలోమీటర్ల లెక్కకూ సిగ్నల్ ఆ ఒక్క సెన్సార్ నుంచే వస్తుంది మా కారులో.

మెకానిక్ కారు కంప్యూటర్ లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టాడు. పి0500 కోడ్ వచ్చింది. అది చూడగానే సెన్సార్ మార్చేశాడు. ఆ కోడ్ చెప్పేది వేగం సిగ్నల్ సరిగా రావడం లేదని మాత్రమే. ఎందుకు రావడం లేదో అది చెప్పదు. కోడ్‌లో సెన్సార్ పేరుందని సెన్సార్ మార్చడం, జ్వరం వచ్చిందని థర్మామీటర్ మార్చడం లాంటిది. వారానికి ముల్లు మళ్లీ పడింది. పాత సెన్సార్ అడిగితే పారేశానన్నాడు. విప్పిన సామాను చేతికివ్వని షాపుకు మళ్లీ పోవద్దని నా గట్టి అభిప్రాయం.

చివరికి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాం. పెద్దాయన. "గుడ్డిగ సామాను మార్చుడు కాదు తమ్మీ, ముందు కరెంటు వస్తుందా లేదా చూడాలె" అన్నాడు. సెన్సార్‌కు మూడు వైర్లు. ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. కీ ఆన్ చేసి వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెడితే కరెంటు వైరులో 12 వోల్టులు ఉన్నాయి (కొన్ని కార్లలో 5 ఉంటాయి), ఎర్త్ కూడా బాగుంది. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపి, గేర్ న్యూట్రల్‌లో పెట్టాడు. మల్టీమీటర్ కొసలు సెన్సార్ కనెక్టర్ వెనక నుంచి సిగ్నల్ వైరుకు ఆనించి నన్ను చక్రం మెల్లగా చేత్తో తిప్పమన్నాడు. అంకె సున్నాకి పడటం, పైకి లేవడం, మళ్లీ పడటం. నాడి కొట్టుకున్నట్టే ఉంది. "ఇగో, సెన్సార్ బాగనే ఉంది" అన్నాడు.

తర్వాత నేను చక్రం తిప్పుతుంటే డ్యాష్‌బోర్డు కింద పడుకుని వైర్ల కట్ట అక్కడక్కడ కదిపి చూశాడు. ఒకచోట పట్టుకోగానే లోపల ముల్లు ఉలిక్కిపడ్డట్టు ఊగింది. నల్ల టేపు చుట్టిన అతుకు అది. విప్పితే బంక కరిగి కారింది, లోపల రాగి తీగ పచ్చగా చిలుం పట్టింది. మూడేళ్ల కింద బయట షాపులో సెంట్రల్ లాకింగ్ వేయించాం. బండి వేగం అందుకోగానే తలుపులు వాటంతట అవే లాక్ కావాలని, వేగం సిగ్నల్ వైరును బ్లేడుతో గీకి ఇంకో వైరు మెలిపెట్టి వదిలేశారు. సోల్డరింగ్ లేదు. మన ఎండలకు టేపు బంక ఆగుతుందా? పెద్దాయన ఆ ముక్క కత్తిరించి, కొత్త వైరు సోల్డర్ చేసి, వేడికి ముడుచుకుని వైరును పట్టేసే హీట్ ష్రింక్ ట్యూబ్ తొడిగాడు. 200 రూపాయలు తీసుకున్నాడు. కారు అమ్మేదాకా మళ్లీ ముల్లు పడలేదు.

స్పీడోమీటర్ లేకున్నా అంచనాగా నడుపుతాం అనేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది. 65వ నంబర్ హైవే ఎక్కాక అందరికీ వంద కూడా డెబ్బైలాగే అనిపిస్తుంది. మీటర్ పనిచేయాలన్నది 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. బాగయ్యేవరకు ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ యాప్ పెట్టుకోండి, కానీ బాగు చేయించడం ఆపొద్దు. ఇంకొకటి, మీటర్ తిరగని ఆ కిలోమీటర్లు బండి నడిచినవే. బాపు డైరీలో ఎర్ర ఇంకుతో "సుమారు 400 కి.మీ. కలుపుకోవాలి" అని రాశారు. నిరుడు కారు అమ్మినప్పుడు ఆ పేజీ కొన్నాయనకు చూపించాకే డబ్బులు తీసుకున్నారు. సెకండ్ హ్యాండ్ బజారులో మీటర్లు వెనక్కి తిప్పి అమ్మేవాళ్ల మధ్య ఆ పేజీ విలువ నాకు తెలుసు.

మీ కారుకు కేబుల్ ఉంటే కథ వేరు. పాత మారుతి 800, అంబాసిడర్‌లలో ఉన్నట్టు గేర్‌బాక్స్ నుంచి కేబుల్ వస్తే, ముల్లు ఊగితే ముందు కేబుల్‌కు గ్రీజు పెట్టించండి. సెన్సార్ కారైతే మెకానిక్‌ను స్కానర్‌లో లైవ్ డేటా (బండి నడుస్తుండగా కనిపించే అంకెలు) తెరవమని, పక్కన కూర్చుని చూడండి. ముల్లు పడ్డప్పుడు స్కానర్‌లో వేగం సరిగ్గా కనిపిస్తుంటే తప్పు చాలావరకు మీటర్ బోర్డులో. స్కానర్‌లోనూ సున్నా వస్తే వైరు, కనెక్టర్, సెన్సార్ నడిపే ప్లాస్టిక్ పళ్ల చక్రం చూసి, అవన్నీ బాగుంటేనే సెన్సార్. అంతకంటే ముందు, బయట షాపులో సెంట్రల్ లాకింగో, మ్యూజిక్ సిస్టమో, రివర్స్ కెమెరానో వేయించారేమో గుర్తు తెచ్చుకోండి. వేయించి ఉంటే నల్ల టేపు ఎక్కడ చుట్టారో వెతికించండి.