నెలసరి ఆగిపోయాక మళ్ళీ కనిపిస్తే "వేడి చేసింది" అనుకోకండి

కొత్తగా అమెరికా వచ్చిన మన పిల్లలు తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. "ఆంటీ, అమ్మకు నెలసరి ఆగి రెండేళ్ళయింది, మొన్నటి నుంచి మళ్ళీ కనిపిస్తోందట, తిరుగు టికెట్ రెండు నెలల్లో ఉంది, భీమవరం వెళ్ళి చూపించుకుంటానంటోంది, ఆగొచ్చా?"

ఆగొద్దమ్మా. వరుసగా 12 నెలలు రాకపోతే ఆగిపోయినట్టు లెక్క. ఆ తర్వాత చిన్న మచ్చ కనిపించినా చూపించుకోవాల్సిందే.

మాది రాజోలు దగ్గర ఊరు, న్యూజెర్సీకి వచ్చి 22 ఏళ్ళు. మా గోదావరి ఆడవాళ్ళు దీనికి చెప్పే కారణం ఒకటే, వేడి చేసిందని. సబ్జా గింజలు నానబెట్టుకో, కొబ్బరినీళ్ళు తాగు, అరటిపువ్వు కూర వండుకో అంటారు. అరటిపువ్వు కూర నాకూ ఇష్టమే కానీ గర్భసంచిలో ఏముందో అది చెప్పదు కదా.

2016లో మా అత్తగారు వచ్చారు, అప్పటికి 63 ఏళ్ళు. రోజూ మాకంటే ముందే లేచి లంగా ఉతుక్కుని, షవర్ రాడ్ మీద ఆరేసి, దాని మీద తువ్వాలు కప్పేవారు. వాషింగ్ మెషీన్ ఉంది కదండీ అంటే "అలవాటేలే" అనేవారు. ఒకరోజు టబ్బులో నీళ్ళు పూర్తిగా పోక అడుగున లేత గులాబీ రంగు మిగిలిపోయింది. గట్టిగా అడిగితే, మూడు వారాలుగా ఇంతేనట. "కొడుకుతో ఏం చెప్పుకోనే" అన్నారు.

స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర మందం చూశారు. ఆగిపోయినవాళ్ళలో అది 4 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉంటే మామూలుగా భయం ఉండదు, ఆవిడకు 11 ఉంది. క్లినిక్కులోనే సన్నటి గొట్టంతో చిన్న ముక్క తీశారు, నెలసరి నొప్పిలా ఓ నిమిషం మెలిపెట్టిందన్నారు. క్యాన్సరే, అయితే గర్భసంచి దాటలేదు, ఆపరేషన్‌తో సరిపోయింది. ఇలా కనిపించిన పదిమందిలో ఇంచుమించు ఒక్కరికే క్యాన్సర్ తేలుతుంది, మిగతావాళ్ళకు పాలిప్పో (లోపలి పొర మీద పెరిగే చిన్న కండ), పొర పల్చబడటమో అయ్యుంటుంది. కానీ ఆ ఒక్కరు ఎవరో ఇంట్లో కూర్చుని తేల్చలేం. ఒళ్ళు, షుగరు ఉన్నవాళ్ళకు ఇంకాస్త భయం ఎక్కువ.

ఇంకా ఆగనివాళ్ళ సంగతి వేరు. నలభైల్లో నెల తప్పడం, రెండు నెలలకోసారి రావడం మామూలే. వారానికి మించి పోతున్నా, 21 రోజులు కాకముందే వస్తున్నా, మధ్యలో గానీ భర్తతో కలిశాక గానీ కనిపించినా, రక్తం గడ్డలుగా పడుతున్నా వెళ్ళండి. 45 దాటితే ఇక్కడ డాక్టర్లు ముక్క పరీక్ష చేద్దామంటారు, కంగారు పడకండి. గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు తడిసిపోతుంటే, కళ్ళు తిరుగుతుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకే. నేనే 48 ఏళ్ళప్పుడు, మెట్లెక్కితే ఆయాసం వయసు వల్లే అనుకుంటూ హిమోగ్లోబిన్ 7కి దిగేదాకా కూర్చున్నాను. ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో క్యాన్సర్ కాని గడ్డ. గర్భసంచిలో హార్మోన్ లూప్ వేస్తే తగ్గింది. మా వదిన ఫోన్లో "తీయించేసుకో, పీడా పోద్ది" అంది. గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో మన ఆంధ్ర ముందుంటుంది మరి! ముందు కారణం తేలనివ్వండి.

విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి పాత జబ్బులు రావు. పాలసీ చదవండి, క్లినిక్కులో క్యాష్ రేటు ముందే అడగండి.

అబ్బాయిలూ, అమ్మతో లోపలికి మీరు వెళ్ళకండి. ఆస్పత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఫోన్ మీద కలుపుతారు, డబ్బు తీసుకోరు. మా అత్తగారికి కలిసినావిడది గుంటూరు యాస. "రోజుకెన్ని గుడ్డలు మారుస్తున్నారు పెద్దమ్మా" అని ఆవిడ అడిగేసరికి, మాతో రెండన్న మనిషి ఐదని చెప్పారు.