క్లినిక్ పెట్టనంటే పెట్టొద్దులే తల్లీ

రాత్రి మీ నాయన ఫోన్ చేసి, సైకాలజీలో పీహెచ్‌డీ చేసిన పిల్ల క్లినిక్ పెట్టదంట, బెంగళూరులో ఏదో కంపెనీకి పోతుందంట అని ఒకటే బాధ. నాకూ టెన్షన్ వచ్చిందమ్మా, కానీ మన ఇంట్లో మొదటి డాక్టరేట్ నీది, ఆ గర్వం కూడా ఉంది.

క్లినిక్ సంగతి ఒక్క మాట. వీధిలోవాళ్లు "డాక్టరమ్మా, మావాడికి నిద్ర పట్టడం లేదు, చూడు" అంటే మొహమాటపడి బోర్డు మాత్రం కట్టొద్దు. 1992 చట్టం ప్రకారం ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, రిజిస్ట్రేషన్ లేనిదే క్లినికల్ సైకాలజిస్టువి కావని మీ నాయనకు నువ్వే చెప్పు, నేను చెబితే వినడు.

రోగులు లేకుండా సైకాలజీకి పనేముంటుందని అడుగుతున్నాడు. గుంతకల్లులో ఇంజిన్ నడిపినవాణ్ణి, నాకు తెలుసు. అసిస్టెంట్ లోకో పైలట్‌కు రాతపరీక్ష ఒక్కటే చాలదు, ఆప్టిట్యూడ్ టెస్టుల్లో ప్రతిదాంట్లోనూ కనీసం 42 టీ-స్కోరు (మిగతావాళ్ల మార్కులతో పోల్చి లెక్కగట్టే స్కోరు) రావాల్సిందే, ఏ కేటగిరీకీ సడలింపు లేదు. దాని వెనక లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓలో సైకో-టెక్నికల్ విభాగమే ఉంది. సైన్యానికి డీఐపీఆర్ అనే రక్షణ శాఖ సైకాలజీ పరిశోధన సంస్థలోనూ, ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీల్లోనూ సైకాలజిస్టులు ఉన్నారు. అర్ధరాత్రి సిగ్నల్ మీద చూపు నిలిపేవాడెవడో ముందే తేల్చడం చిన్న పనా?

నా అసలు భయం వేరే. నా స్నేహితుడి కొడుకు, నీలాగే పీహెచ్‌డీ, బంగారంలాంటి పిల్లోడు. ఒక యూనివర్సిటీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరాడు. వచ్చే ఏడాది నోటిఫికేషన్ పడుతుంది, పర్మినెంట్ అయిపోతుంది అన్నారు. పడినట్టే పడి కోర్టుకెక్కింది. ప్రతి వేసవిలో రెన్యువల్ ఆర్డర్ కోసం ఆఫీసు వరండాలో నిలబడేవాడు. హైదరాబాదులో ఒక కంపెనీ పిలిస్తే, పోతే సీనియారిటీ పోతుందని వదులుకున్నాడు. వద్దురా, పోరా అని చెప్పినవాళ్లమీద అలిగాడు కూడా. నలభై దాటాక అప్లై చేస్తే ఇండస్ట్రీ అనుభవం లేదన్నారు. వాడి మొహం చూస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. నువ్వు ఆ వరండాలో నిలబడొద్దు, అంతే.

ఇంకొకటి. పదిహేను పేజీల బయోడేటా ఎవరికీ పంపొద్దు, రెండు చాలు. కళ్యాణదుర్గం పల్లెల్లో వేరుశనగ రైతులు నీ ప్రశ్నలన్నిటికీ "ఔ" అంటుంటే, ప్రశ్నలే తిరగరాసుకుని మళ్లీ పోయావు చూడు, అది పైన రాయి. పేమెంట్ యాప్‌లో ముసలాయన ఏ బటన్ దగ్గర ఆగిపోతున్నాడో కనుక్కునే యూఎక్స్ రీసెర్చ్ అంటే అదే పని కదా. నీ పేపర్ల లిస్టు కింద ఉంటే చాలు.

ఆఫర్ లెటర్ రాగానే సంతకం పెట్టకుండా నాకు వాట్సాప్ చెయ్యి, బాండు ఏమన్నా ఉందేమో చూస్తా. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవడడిగినా ఇవ్వొద్దు. ఆదివారం అనంతపురం వస్తున్నా, మీ నాయనతో నేను మాట్లాడతాలే.

మీ పెదనాయన