గ్రీన్ టీ: కప్పు వేరు, క్యాప్సూల్ వేరు

ప్రశ్న: నా వయసు 38. బరువు తగ్గాలని నెలన్నరగా గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్స్ పొద్దున రెండు, సాయంత్రం రెండు వాడుతున్నాను. ఆర్కే బీచ్‌లో నడకకు వెళ్లేముందు పరగడుపున వేసుకుంటే కొవ్వు తొందరగా కరుగుతుందని జిమ్‌లో చెప్పారు. వారం నుంచి ఆకలి లేదు, వికారంగా ఉంటోంది. సీసా మీద ‘ఒక్కో క్యాప్సూల్ 500 మి.గ్రా., ఈజీసీజీ 50%’ అని ఉంది. ఆకు నుంచి తీసిందే కదా, దీనివల్లే అంటారా?
– పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: అయ్యుండవచ్చమ్మా. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ కొందరిలో కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ముందు ఆ క్యాప్సూల్స్ ఈ రోజే ఆపేయండి. రేపే లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించుకోండి. అందులో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే కాలేయ ఎంజైములు, కామెర్లను పట్టిచ్చే బిలిరుబిన్ చూస్తారు. డాక్టర్ దగ్గరికి సీసా కూడా పట్టుకెళ్లండి. ‘మందులేమైనా వాడుతున్నారా’ అని అడిగితే చాలామంది లేదనేస్తారు, ఇలాంటివి మందుల లెక్కలోకి రావనుకుంటారు. అక్కడే కారణం దొరక్కుండా పోతుంది.

మూత్రం కషాయం రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పుట్టినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మాట తడబడినా, మత్తుగా పడి ఉన్నా అది ఎమర్జెన్సీ. కామెర్లని పసరు మందు కోసం తిరగొద్దు. దెబ్బతిన్న కాలేయం మీద ఇంకో తెలియని ఆకు భారం వేసినట్లవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఈజీసీజీ అంటే ఎపిగాలోక్యాటెచిన్ గ్యాలేట్. గ్రీన్ టీలో ప్రధానమైన పదార్థం ఇదే. 500లో సగం 250, రోజుకు నాలుగంటే 1000 మి.గ్రా. రెండు గ్రాముల ఆకుతో కాచిన కప్పులో సుమారు 50 నుంచి 100 మి.గ్రా. ఉంటుంది. అంటే మీరు మింగుతున్నది పది కప్పులకు తక్కువ కాదు. సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మి.గ్రా., ఆపైన తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరుగుతున్నట్లు యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. అక్కడ 2022లో ఆ మోతాదుకు లోపే ఉండాలని నిబంధన పెట్టారు, పరగడుపున వాడొద్దని లేబుల్ మీద రాయించారు.

పరగడుపు సంగతే అసలు ప్రమాదం. భోజనంతో వేసుకున్నప్పటి కన్నా ఖాళీ కడుపున వేసుకుంటే రక్తంలో ఈజీసీజీ మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. మీకు మంచిదని చెప్పిన పద్ధతే విషయాన్ని ముదరబెట్టి ఉండవచ్చు. కొందరికి జన్యు కారణాల వల్ల తక్కువ మోతాదుకే కాలేయం దెబ్బతింటుంది కాబట్టి ‘మా స్నేహితురాలికేం కాలేదు’ అన్నది భరోసా కాదు. ఆపేస్తే ఎక్కువమంది వారాల్లో, నెలల్లో కోలుకుంటారు. తగ్గాక మాత్రం మళ్లీ మొదలుపెట్టొద్దు. రెండోసారి ఇంకా త్వరగా తిరగబెట్టవచ్చు. ఇంతా చేసి వచ్చే లాభమెంత? బరువు మీద గ్రీన్ టీ ప్రభావం లెక్కలోకి రానంత స్వల్పమని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2012 నాటి సమీక్షలో చెప్పింది.

రిపోర్టులు మామూలుకు వచ్చాక, డాక్టర్ సరేనంటే, టిఫిన్ తిన్న తర్వాత కప్పు టీ తాగవచ్చు. నీళ్లు మరిగాక దించి రెండు మూడు నిమిషాలు ఆగి ఆకు వేయండి. మరో రెండు నిమిషాలకు వడకట్టండి. సలసల కాగే నీళ్లలో వేస్తే చేదెక్కుతుంది.

ప్రశ్న: నాకు హిమోగ్లోబిన్ 9. మూడు నెలలుగా ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా పెరగడం లేదు. అన్నం తినగానే గ్రీన్ టీ తాగడం అలవాటు. దానికీ దీనికీ సంబంధం ఉందా?
– గృహిణి, గాజువాక

జవాబు: ఉందమ్మా. టీలోని క్యాటెచిన్లు (ఈజీసీజీ లాంటి పదార్థాలు) తోటకూర, పప్పు, రాగుల్లోని ఐరన్‌ను పేగులోనే పట్టేసుకుంటాయి. ఒంటికి పట్టాల్సింది పట్టకుండా పోతుంది. మాంసం, చేపల్లోని ఐరన్‌కు ఈ బెడద తక్కువ. భోజనానికీ టీకీ కనీసం గంట, మాత్రకూ టీకీ రెండు గంటల ఎడం పెట్టండి. మాత్రను నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోండి. పాలు కలిపిన మామూలు టీకీ ఇదే నియమం. అయినా పెరగకపోతే నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా, మొలలున్నాయా, నులిపురుగులున్నాయా చూపించుకోవాలి. నెపమంతా టీ మీద వేసి ఊరుకోవద్దు.

ప్రశ్న: మా నాన్నగారు గుండె వాల్వ్ మార్పించుకుని రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ మాత్ర వాడుతున్నారు. గ్రీన్ టీ తాగవచ్చా?
– మధురవాడ

జవాబు: రోజుకు ఒకటి రెండు కప్పులు ఎప్పుడూ ఒకే తీరుగా తాగితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఈ మందు పనిని తగ్గించేది విటమిన్ కె, కాచిన టీలో అది చాలా తక్కువ. గ్రీన్ టీ ఆకును మెత్తగా నూరిన మాచా పొడి అలా కాదు, ఆకు మొత్తం కడుపులోకి వెళ్తుంది కనుక అది వద్దు. కొత్తగా మొదలుపెట్టినా, ఉన్నట్టుండి మానేసినా వారంలోపు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చెప్పే పరీక్ష) చూపించండి. ఆయన బీపీకి నాడొలాల్ కూడా వాడుతుంటే గ్రీన్ టీ పూర్తిగా మానిపించండి. ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షలో గ్రీన్ టీ వల్ల ఆ మందు రక్తంలోకి చేరడం దాదాపు 85% తగ్గింది.