ముందు బెంచీ ఖాళీగా ఉంచు

నాన్నా చిన్నా,

ఇంటర్ పిల్లలకి కాల్షియం, మెగ్నీషియం, బేరియం లాంటి క్షారమృత్తిక లోహాల చర్యలు బోర్డు మీద రాసి వదిలెయ్యకుండా చేసి చూపిస్తానన్నావట, మీ అమ్మ చెప్పింది. వినగానే పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కాల్షియం శనగగింజంత ముక్క చాలు. నీళ్లలో వెయ్యగానే బుడగలొచ్చి, నీళ్లు సున్నం కలిపినట్టు తెల్లబడతాయి. బెరీలియం జోలికే పోకు, దాని దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. మంటలో కాల్షియం ఇటుక ఎరుపు, బేరియం లేతాకుపచ్చ. ఇవన్నీ నీకు తెలిసినవే.

మీ అమ్మకి కూడా చెప్పనిది మెగ్నీషియం సంగతి. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. రెండంగుళాల రిబ్బన్ చాలు కదా, నేను జానెడు వెలిగించాను. పిల్లలు "అబ్బా" అంటుంటే హుషారు! కాలుతున్న ముక్క పట్టకారులోంచి జారి చెక్క బల్ల మీద పడింది. పక్కనే బల్ల తుడిచే తడిగుడ్డ. తీసి కప్పేశాను. మండే మెగ్నీషియం నీళ్లలోంచి ఆక్సిజన్ లాక్కుని హైడ్రోజన్‌ని వదులుతుందని ముందురోజే ఆ బోర్డు మీద సమీకరణం రాసింది నేనే. బుర్రకి తెలుసు, చేతికి తెలియలేదు. భగ్గుమంది. ముందు బెంచీ పిల్లాడు రెండు చేతులతో కళ్లు మూసుకుని కూలబడ్డాడు. వాడు చేతులు తీసేదాకా నా ప్రాణం నాలో లేదు. చూపు దక్కింది, కనుబొమ్మలే కాలాయి. వాళ్లమ్మ వచ్చి నన్ను పల్లెత్తు మాట అనలేదు. కొంగుతో వాడి మొహం తుడుస్తూ నిలబడింది, అంతే. తిట్టినా బాగుండేది.

దీపావళికి పెద్దమ్మ వాకిట్లోకి రాదని అలిగేవాడివి, గుర్తుందా? ఇదీ కారణం.

ల్యాబ్‌లో మంటలార్పే సిలిండర్ ఉందని ధీమా పడకు. కార్బన్ డయాక్సైడ్‌దైతే, మెగ్నీషియం దాన్నీ చీల్చి ఆక్సిజన్ తినేసి మసి మిగులుస్తుంది. పొడి ఇసుకే దిక్కు. పొడి అంటే ఎండలో ఆరబోసింది, వరండాలో వానకి తడిసింది కాదు.

బేరియంకి మన మంగంపేట ముగ్గురాయి చూపించు. అది బేరియం సల్ఫేటు, నీళ్లలో కరగదు. అందుకే కడుపు ఎక్స్‌రేకి ముందు బేరియం సల్ఫేటు తాగించినా ఏమీ కాదు. బేరియం క్లోరైడు కరుగుతుంది, అది విషం. ద్రవం కొలిచే గాజుగొట్టం, అదే పిపెట్, నోటితో పీల్చావని తెలిసిందో, బస్సెక్కి వచ్చి మరీ చెవి మెలేస్తాను. లెక్చరరైతే నాకేంటి?

సోమవారం క్లాసన్నావు. ఆదివారం సాయంత్రానికల్లా ఇసుక బకెట్ ఫొటో పంపు.

మీ పెద్దమ్మ